వేట ములికికి పదునే ప్రాణం: విశాఖ విలువిద్య శిక్షకుల ఉత్తరం

సంపాదకులకు నమస్కారం.

విలువిద్య పోటీల వార్తల పక్కన కొన్నిచోట్ల మూడు బ్లేడ్ల వేట బాణం బొమ్మ వేస్తున్నారు. వెన్నం జ్యోతి సురేఖ 50 మీటర్ల నుంచి, బొమ్మదేవర ధీరజ్ 70 మీటర్ల నుంచి కొట్టే బాణానికి అలాంటి ములికి ఉండదు. వాళ్లు వాడేది నున్నగా, గుండ్రంగా చెక్కిన పెన్సిల్ మొనలా ఉండే టార్గెట్ పాయింట్. బొమ్మలో ఉన్నది బ్రాడ్‌హెడ్. జంతువును చంపడానికి తప్ప అది దేనికీ పనికిరాదు. ఆ బొమ్మలు చూసో, ఆన్‌లైన్‌లో ‘ఆర్చరీ’ అని కొట్టగానే పక్కపక్కనే కనిపించే సరుకు చూసో, పన్నెండేళ్ల పిల్లవాడి ప్రాక్టీసుకు బ్రాడ్‌హెడ్లు తెప్పించే తల్లిదండ్రులు విశాఖలో ఉన్నారు. అమెరికా నుంచి సెలవులకు వస్తూ మేనల్లుడికి కానుకగా తెచ్చే మేనమామలూ ఉన్నారు.

ఇంకోవైపు, ఇక్కడ విల్లు పట్టడం నేర్చుకుని చదువుకో ఉద్యోగానికో టెక్సాస్, ఆస్ట్రేలియా వెళ్లిన కుర్రాళ్లు అక్కడ లైసెన్సుతో వేటకు వెళ్తూ ఏ ములికి కొనాలని అడుగుతున్నారు. ఈ ఇద్దరికీ ఒకే ఉత్తరంలో జవాబు రాస్తున్నాం. పొడవైతే మన్నించండి.

ముందు మన నేల మీద చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం షెడ్యూళ్లలోని జంతువులను వేటాడటం నేరం. చంపితేనే వేట అనుకోవద్దు. ఉచ్చు వేయడం, తరమడం, ఆ ప్రయత్నం చేయడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మామూలు ఉల్లంఘనకు మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మొదటి షెడ్యూలు జంతువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు. కంబాలకొండ అభయారణ్యం మన ఊరి ఒళ్లోనే ఉంది. అక్కడి చుక్కల దుప్పి మీదికి సరదాకైనా బాణం ఎక్కుపెట్టే హక్కు ఎవరికీ లేదు. మన్యంలో ఇటుకల పండుగకు విల్లంబులతో కొండెక్కే ఆచారం పాతది. దాని మంచిచెడ్డలు మాట్లాడుకోవలసింది అక్కడి గిరిజన పెద్దలు. ఆన్‌లైన్‌లో ములికి కొన్న పట్నం కుర్రాడు ఆ ఆచారాన్ని అడ్డం పెట్టుకోకూడదు.

దేశం మారితే చట్టమూ మారుతుంది. బ్రిటన్‌లో, జర్మనీలో తుపాకితో వేట ఉంది కానీ విల్లుతో వేట నిషేధం. అమెరికాలో రాష్ట్రానికో నియమం. కొలరాడోలో విల్లు లాగుడు బరువు, అంటే నారిని లాగడానికి కావాల్సిన బలం, 35 పౌన్లకు తగ్గకూడదు, ములికి వెడల్పు 7/8 అంగుళానికి తగ్గకూడదు, కనీసం రెండు పదునంచులు ఉండాలి. తగలగానే బ్లేడ్లు విచ్చుకునే ములుకులను కొన్ని జంతువులకు ఒప్పుకోని రాష్ట్రాలు ఉన్నాయి. కొనేముందు ఆ ఏడాది నియమాల పుస్తకం చూడాలి. నిరుటిది చూస్తే సరిపోదు.

టెక్సాస్ సంగతి మనవాళ్లకు ప్రత్యేకం. మన చుక్కల దుప్పిని అక్కడికి 1932లో తీసుకెళ్లారు. మనుబోతును, అంటే నీల్గాయ్‌ని, 1920లు, 30లలో దక్షిణ టెక్సాస్‌లోని కింగ్ రాంచ్ అనే పెద్ద పశువుల క్షేత్రంలో వదిలారు. మన రాష్ట్ర జంతువు కృష్ణజింక కూడా అక్కడి రాంచ్‌లలో మేస్తోంది. ఇవి అక్కడ పరదేశీ జంతువులు కాబట్టి వేట ఆపాల్సిన కాలం అంటూ లేదు. లైసెన్సు, నేల యజమాని అనుమతి ఉంటే ఏడాది పొడవునా వేటాడవచ్చు. 1971 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవారికి హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ తప్పనిసరి. ఒక్కమాట: అక్కడ చట్టబద్ధంగా కొట్టిన జంతువుదే అయినా కొమ్ములు, చర్మం సూట్‌కేసులో పెట్టుకుని విశాఖలో దిగకండి. ఇక్కడ దిగగానే మన వన్యప్రాణి చట్టం అడ్డొస్తుంది.

ఇక ములికి. తూటా పనిచేసే తీరు వేరు, బాణం పనిచేసే తీరు వేరు. తూటా అదురుతో, చీల్చివేతతో కూలుస్తుంది. బాణానికి ఆ అదురు లేదు. అది రక్తనాళాలను కోసి, రక్తం పోగొట్టి చంపుతుంది. రెండు ఊపిరితిత్తులనూ కోసుకుంటూ అవతలికి దూసుకుపోయిన బాణం తగిలితే దుప్పి కొన్ని సెకన్లలో పడిపోతుంది. కోత అంచు మొద్దుబారి నలిగినట్టుంటే రక్తం త్వరగా గడ్డకడుతుంది, జంతువు మైళ్ల కొద్దీ నడిచి ఎక్కడో పొదలో నరకం అనుభవించి చస్తుంది. అందుకే మా లెక్కలో ములికికి పదును మొదటిది, విరగని గట్టితనం రెండోది, తిన్నగా ఎగరడం మూడోది. వెడల్పు ఆ తర్వాత. ప్యాకెట్ మీద మాత్రం వెడల్పునే పెద్ద అక్షరాల్లో వేస్తారు.

బ్రాడ్‌హెడ్లలో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి కదలనిది, రెండోది విచ్చుకునేది.

కదలనివాటిలో మళ్లీ తేడాలు ఉన్నాయి. మాగ్నస్ స్టింగర్ లాంటివాటిలో మొన నుంచే బ్లేడు మొదలవుతుంది, తాకిన క్షణం నుంచే కోస్తుంది. మజ్జీ లాంటి మార్చుకునే బ్లేడ్ల ములికిలో ముందు మూడు పలకల ఉక్కు మొన గుచ్చుకుంటుంది, వెనక బ్లేడ్లు కోస్తాయి. జీ5 మాంటెక్ ఒకే ఉక్కు ముక్క, విడి భాగాలు లేవు. వీటి వెడల్పు మామూలుగా అంగుళం నుంచి అంగుళంపావు.

విచ్చుకునేవి గాలిలో ముడుచుకుని ఉండి, చర్మానికి తగలగానే తెరుచుకుంటాయి. రేజ్ లాంటివి రెండు అంగుళాల దాకా కోస్తాయి. గాలిలో ఇవి దాదాపు ఫీల్డ్ పాయింట్, అంటే ప్రాక్టీసుకు వాడే బ్లేడ్లు లేని మొన, లాగే ఎగురుతాయి కాబట్టి కొత్తవాళ్లకు సులువనిపిస్తాయి. కానీ బ్లేడు తెరుచుకోవడానికి బాణం తన శక్తిలో కొంత ఖర్చుపెట్టాలి. రెండు అంగుళాల కోతకు అంగుళం కోతకన్నా ఎక్కువ బలం కావాలి. పక్కవాటుగా తగిలితే ఒక బ్లేడు ముందు తెరుచుకుని బాణం పక్కకు మళ్లే ప్రమాదం ఉంది. బ్లేడ్లను పట్టి ఉంచే రబ్బరు రింగు ఎండి పగిలితే గాలిలోనే తెరుచుకుంటుంది, అప్పుడు బాణం ఎటు పోతుందో చెప్పలేం. నిరుటి రింగుతో ఈ ఏడు వేటకు వెళ్లకూడదు. గంటకు 170, 190 మైళ్ల గాలి తట్టుకోవాలని చేసిన వస్తువు కాదది, చిన్న రబ్బరు ముక్క. క్రాస్‌బో, అంటే తుపాకిలా మీట నొక్కి వదిలే విల్లు, వాడేవాళ్లయితే దాని వేగానికి తగ్గట్టు చేసిన రకమే కొనాలి. మామూలు రకం అక్కడ వదిలిన వెంటనే విచ్చుకోవచ్చు.

మరి ఎవరికి ఏది? అది విల్లు ఇచ్చే శక్తి మీద, ఎదుటి జంతువు ఎముక మీద ఆధారపడి ఉంటుంది. బాణం బరువును గ్రెయిన్లలో కొలుస్తారు. 100 గ్రెయిన్లంటే సుమారు ఆరున్నర గ్రాములు. వేగం సెకనుకు ఎన్ని అడుగులో క్రోనోగ్రాఫ్ అనే పరికరం చెబుతుంది. బరువును వేగంతో రెండుసార్లు గుణించి 450240తో భాగిస్తే శక్తి అడుగు-పౌన్లలో వస్తుంది. బాణాలు చేసే ఈస్టన్ కంపెనీ పట్టిక ప్రకారం దుప్పి వంటివాటికి 25 నుంచి 41, ఎల్క్ అనే పెద్ద దుప్పి, అడవిపంది వంటివాటికి 42 నుంచి 65, అంతకు మించిన మొండి జంతువులకు 65 పైన కావాలి. ఇది కనీసపు లెక్క. విచ్చుకునే ములికి వాడేవాళ్లు దీనికి కొంత ఎక్కువే చూసుకోవాలి.

శక్తి ఒక్కటే చూస్తే మోసపోతాం. 400 గ్రెయిన్ల బాణం సెకనుకు 280 అడుగులు పోతే దాని శక్తి సుమారు 69.7. 500 గ్రెయిన్ల బాణం 250 అడుగులు పోతే సుమారు 69.4. రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ బరువును వేగంతో ఒక్కసారే గుణించి చూడండి: మొదటిదానికి 1,12,000, రెండోదానికి 1,25,000. అంటే బరువైన బాణానికి ఊపు 11 శాతానికి పైగా ఎక్కువ. ఎముక దగ్గర ఆగిపోకుండా లోపలికి తోసుకుపోయేది ఆ ఊపే. దక్షిణాఫ్రికాలో పెద్ద జంతువుల మీద బాణాల పోటును ఏళ్ల తరబడి పరీక్షించిన ఎడ్ ఆష్బీ, బరువైన ఎముకను చీల్చడానికి 650 గ్రెయిన్ల దగ్గర ఒక గడప ఉందని చెప్పారు. దుప్పికి అంత అక్కర్లేదు. మనుబోతు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట గుర్తుంచుకోవాలి.

మన మూడు జంతువులనే తీసుకుందాం. కృష్ణజింక మగది 35, 40 కిలోలు, పలచటి చర్మం, సన్నటి పక్కటెముకలు. 45 పౌన్ల విల్లు, పదునైన ఏ కదలని ములికైనా దాని పక్కలోంచి అవతలికి పోతుంది. విల్లు అంతకన్నా బలమైనదైతే ఇక్కడ విచ్చుకునేది వాడినా తప్పులేదు.

చుక్కల దుప్పి మగది 70, 80 కిలోలు ఉంటుంది. ఒళ్లు పెద్దది కాదు, కానీ అది చెవులతో బతికే జంతువు. శబ్దం సెకనుకు సుమారు 1,125 అడుగులు పోతుంది, బాణం 280. దుప్పి 40 గజాల దూరంలో ఉంటే నారి చప్పుడు సెకనులో పదోవంతులో దాని చెవిన పడుతుంది. బాణం చేరడానికి 0.43 సెకను పడుతుంది. మిగిలిన సెకనులో మూడోవంతులో అది కాళ్లు మడిచి కిందికి వంగి ఒక్క దూకు దూకుతుంది. ఊపిరితిత్తులకు గురిపెట్టిన బాణం భుజపుటెముక మీదో వెన్ను మీదో పడుతుంది. అందుకే ఎలాగూ పక్కటెముకలకే తగులుతుంది కదా అని పలచటి బ్లేడు కొనకూడదు. బ్లేడు మందం 0.030 అంగుళానికి తగ్గని, 100 లేదా 125 గ్రెయిన్ల కదలని ములికి, 450 గ్రెయిన్ల చుట్టూ మొత్తం బాణం బరువు, 20 గజాల లోపు దూరం. చుక్కల దుప్పికి మా సలహా ఇదే. 40 గజాలకు మీ చేయి ఎంత నిలకడగా ఉన్నా దాని చెవి మీ మాట వినదు.

మనుబోతు సంగతి పూర్తిగా వేరు. మగది 200 కిలోలు దాటుతుంది. మెడ మీద, భుజాల మీద చర్మం మందం. గుండె, ఊపిరితిత్తులు ముందుకాళ్ల మధ్య కిందుగా, ముందుకు ఉంటాయి కాబట్టి భుజపుటెముక అడ్డం రాకుండా కొట్టడం కష్టం. దీనికి రెండు అంగుళాల విచ్చుకునే ములికి తీసుకెళ్లడం తప్పు, గట్టిగానే చెబుతున్నాం. 60, 70 పౌన్ల విల్లు, 550 గ్రెయిన్లకు పైబడిన బాణం, మొన నుంచే కోసే రెండు బ్లేడ్ల ఉక్కు ములికి కావాలి. ములికి పొడవు దాని వెడల్పుకు మూడు రెట్ల దాకా ఉంటే వాలు తగ్గి సులువుగా దిగుతుంది. ఒక పక్కనే చెక్కిన సింగిల్ బెవెల్ రకం లోపలికి పోతూ తిరుగుతుంది, ఎముకను మెలిపెట్టి చీలుస్తుంది. అయితే ఈకలు తిప్పే దిక్కూ బెవెల్ తిప్పే దిక్కూ ఒకటే కావాలి. కుడికి తిరిగే ఈకలకు కుడి బెవెల్. ఈ రెండూ ఎదురుపడితే ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది. మగ అడవిపంది భుజాల మీద గట్టి కవచంలాంటి పొర ఉంటుంది, ఆస్ట్రేలియాలో కణితి, అంటే సాంబార్, పెద్ద ఒళ్లు. వీటికీ ఈ పద్ధతే వర్తిస్తుంది.

40, 45 పౌన్లు లాగే ఆడపిల్లలు, చిన్న చేతులవాళ్లు ఏ జంతువుకైనా విచ్చుకునేది వదిలేయాలి. అంగుళం వెడల్పు, రెండు బ్లేడ్లు, మొన నుంచే కోసేది. బలం తక్కువైనప్పుడు దాన్ని వెడల్పుగా పరచకుండా లోతుగా వాడుకోవాలి.

ములికి మారిస్తే బాణం మారిపోతుంది. 100 తీసి 125 గ్రెయిన్లది బిగిస్తే ముందు బరువు పెరిగి, వదిలినప్పుడు కాడ ఎక్కువ వంగుతుంది. కాడ బిగుతును స్పైన్ అంటారు. 28 అంగుళాల ఎడంలో కాడను రెండు ఆనికల మీద పెట్టి, మధ్యలో 1.94 పౌన్ల బరువు వేలాడదీస్తే 0.340 అంగుళం వంగేదాన్ని 340 అంటారు. అంకె తగ్గేకొద్దీ కాడ బిగుతు. ములికి బరువు పెంచితే ఒక మెట్టు బిగుతైన కాడ కావాల్సి రావచ్చు. ముందు బరువు ఎంతో చూడాలంటే నాక్ గాడి, అంటే బాణం వెనక నారి పట్టే గాడి, నుంచి కాడ చివరిదాకా కొలవండి, 28 అంగుళాలనుకుందాం. ములికి బిగించి వేలి మీద నిలబెట్టండి. నాక్ నుంచి పదిహేడున్నర దగ్గర తూగితే, సగమైన 14 కన్నా మూడున్నర ముందుకు. మూడున్నరను 28తో భాగిస్తే 12.5 శాతం. 10 నుంచి 15 మధ్య ఉంటే దుప్పి వేటకు బాగుంటుంది. తేలిక కోసం లాగుడు పౌనుకు ఐదు గ్రెయిన్ల కన్నా బాణం బరువు తగ్గించకండి. 70 పౌన్ల విల్లుకు 350. అంతకు తగ్గితే వదిలిన శక్తి బాణంలోకి పోకుండా విల్లు కొమ్ముల్లోకి తిరిగొస్తుంది, ఖాళీ నారి వదిలినంత పని అవుతుంది.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఫీల్డ్ పాయింట్లతో గుంపుగా, కుదురుగా పడే బాణాలే బ్రాడ్‌హెడ్ పెట్టగానే చెల్లాచెదురవుతాయి. చాలామంది ములికిని తిడతారు. తప్పు దానిది కాదు. ముందున్న బ్లేడ్లు చిన్న రెక్కల్లా గాలిని పట్టుకుంటాయి. బాణం విల్లు నుంచి వెంట్రుకవాసి వంకరగా బయల్దేరినా ఫీల్డ్ పాయింట్ దాన్ని దాచేస్తుంది, బ్రాడ్‌హెడ్ దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది.

మొదట బాణాన్ని తిప్పి చూడాలి. ములికి మొనను ఒక చెక్క మీద ఆనించి, కాడను నిటారుగా పట్టి, బొటనవేలు, చూపుడువేలి మధ్య బొంగరంలా తిప్పండి. ములికి, కాడ కలిసే చోట కన్ను పెట్టండి. అక్కడ అదురు కనిపించకుండా నిశ్చలంగా తిరగాలి. అదిరితే ఆ ములికి తీసి ఇంకో బాణానికి బిగించి చూడండి. అదురు ములికితో పాటు పోతే ములికి వంకర, పక్కన పెట్టండి. పాత కాడలోనే ఉండిపోతే కాడ చివర చదునుగా తెగలేదు, లేదా ములికి మర బిగించే లోపలి ముక్క, ఇన్‌సర్ట్, వంకరగా అతికింది. కాడ చివరను చదును చేసే పరికరంతో నూరి, ఇన్‌సర్ట్ మళ్లీ అతకాలి. కార్బన్ కాడలకు తక్కువ వేడికి కరిగే జిగురే వాడండి. ఎక్కువ వేడి తగిలితే కార్బన్ పొరలు లోపలే విడిపోతాయి, బయటికి కనిపించదు, వదిలినప్పుడు విరిగి చేతిలోకి దిగుతుంది.

తర్వాత 20 గజాల నుంచి మూడు వేర్వేరు బిందువులకు, ఒక్కోదానికి ఒక ఫీల్డ్ పాయింట్, ఒక బ్రాడ్‌హెడ్ చొప్పున కొట్టండి. రెండు బ్రాడ్‌హెడ్లను ఒకే బిందువుకు కొడితే ఒకదాని ఈకలను ఇంకొకటి కోసేస్తుంది. బ్రాడ్‌హెడ్లు ఎడమకు పడితే రెస్ట్‌ను, అంటే విల్లు మీద బాణం ఆనే భాగాన్ని, కుడికి జరపండి. కుడికి పడితే ఎడమకు. కిందికి పడితే రెస్ట్ కొంచెం పైకి. అంటే బ్రాడ్‌హెడ్లు పడిన చోటి నుంచి ఫీల్డ్ పాయింట్లు పడిన వైపుకు. ఒకసారికి అంగుళంలో 32వ వంతు మాత్రమే, అంటే మిల్లీమీటరు కూడా కాదు. తొందరపడి ఎక్కువ జరిపినవాళ్లు ఎటు జరిపారో మరిచిపోయి మళ్లీ మొదటికొస్తారు. 20 దగ్గర కలిశాక 30, 40 దగ్గర చూడండి. రెండు గుంపులూ కలిసిన తర్వాతే గురిచూసే సైట్ దిద్దండి. ముందే సైట్ దిద్దితే లోపం అలాగే ఉండిపోయి, గాలి వీచిన రోజు బయటపడుతుంది. కదలని ములికికి ఈకలు కాడ మీద రెండు మూడు డిగ్రీలు మెలిక తిరిగి ఉంటే ఈ పని సగం తగ్గుతుంది.

ఇక పదును. ప్యాకెట్లోంచి తీసినదంతా పదునుగానే ఉంటుందనుకోవడం పెద్ద పొరపాటు. ఒక రబ్బరుబ్యాండును రెండు వేళ్ల మధ్య కాస్త వదులుగా సాగదీసి పట్టి, దాని మీద బ్లేడు ఆనించి, నొక్కకుండా మెల్లగా లాగండి. పదునైనదైతే టక్కున తెగుతుంది. మొద్దుదైతే రబ్బరు బ్లేడు ముందు సాగి, దొర్లి, పక్కకు తప్పుకుంటుంది. దుప్పి ఒంట్లో రక్తనాళం కూడా అచ్చం అలాగే తప్పుకుంటుంది. మొద్దుబారిన కత్తిపీట మీద పండు టమాటా తెగదు, నలుగుతుంది. అదే ఇదీ. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కోసేవాళ్లు కత్తిని రాయి మీద మళ్లీ మళ్లీ రాస్తుంటారు కదా, ఒక్క పనికి ఒక్క పదును ఆగదని వాళ్లకు తెలుసు. ఫోమ్ దిమ్మలోకి ఒక్కసారి కొట్టిన బ్లేడు వేటకు పనికిరాదు. మార్చుకునే రకమైతే కొత్తది వేయాలి, లేదంటే సాన పట్టాలి.

సాన పట్టేముందు చెక్కుడు భాగమంతా నల్ల మార్కర్‌తో పూయండి. రాయి మీద రెండుసార్లు రాసి చూడండి. అంచు దగ్గర నలుపు మిగిలితే మీ కోణం తక్కువైంది, అంచు దగ్గర మాత్రమే పోతే ఎక్కువైంది. నలుపు సమంగా పోయేదాకా చేయి సరిదిద్దుకోండి. మూడు బ్లేడ్ల ఒంటిముక్క రకానికి కోణం చూసే పనే లేదు. రెండు బ్లేడ్లు ఒకేసారి రాయి మీద చదునుగా ఆనుతాయి. పదిసార్లు తోసి, తిప్పి, మళ్లీ పది, మళ్లీ తిప్పి పది. మూడు వైపులా లెక్క సమంగా ఉండాలి, లేకపోతే బరువు ఒకవైపు తగ్గి బాణం అదురుతుంది. 400 నంబరు గరుకు రాయితో మొదలుపెట్టి 1000 నంబరు నున్నటి రాయికి వచ్చి, చివర తోలు పట్టీ మీద వెనక్కి లాగండి. తోలు మీద ముందుకు తోస్తే అంచు తోలులో దిగబడి మొత్తం పాడవుతుంది. అంచు వెనక గోరు ఆనిస్తే గీరుకునే సన్నటి ముడుత తగలకూడదు, తగిలితే ఇంకా పని ఉన్నట్టే.

కార్బన్ ఉక్కు బ్లేడ్లు పదును బాగా పట్టుకుంటాయి కానీ తుప్పు పడతాయి. ఉప్పుగాలి ఏం చేస్తుందో విశాఖవాళ్లకు చెప్పనక్కర్లేదు. మనుబోతులు తిరిగే దక్షిణ టెక్సాస్ కూడా సముద్రతీరమే. పలచగా వాసెలిన్ రాసి ఉంచండి. రాత్రికి రాత్రే అంచు మీద పట్టే తుప్పు కంటికి కనిపించకుండానే పదును తినేస్తుంది.

బాణం వదలాల్సిన సమయం గురించి రెండు మాటలు చాలు. జంతువు పూర్తిగా పక్కకు తిరిగి ఉండాలి, లేదా కాస్త అటువైపు తిరిగి ఉండాలి. ఎదురుగా చూస్తున్నదాన్ని, వెనక్కి తిరిగి పోతున్నదాన్ని ఎంత మంచి ములికి ఉన్నా కొట్టకూడదు. తగిలిన తర్వాత బాణాన్ని చూడండి. నురగతో లేత ఎరుపు రక్తమైతే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెతకండి. ముదురు ఎరుపైతే కాలేయం, నాలుగు గంటలు. పచ్చగా, కంపు కొడుతుంటే పేగులు, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కదలకండి. తరిమితే అది ఇంకా దూరం పోయి, దొరకకుండా చస్తుంది.

ఇప్పుడు విశాఖలో పిల్లలున్న తల్లిదండ్రులకు. మీ పిల్లల బాణానికి కావాల్సింది వాళ్ల కాడ లోపలి వ్యాసానికి సరిపోయే టార్గెట్ పాయింట్. దాని బరువు ఎంతో శిక్షకుణ్ని అడిగి కొనండి. బ్రాడ్‌హెడ్ మన రేంజ్‌లోని గడ్డి దిమ్మలోకి, మెత్తటి ఫోమ్‌లోకి చీలుకుంటూ పోయి అవతలికి వస్తుంది. ఇరుక్కుంటే పీకేటప్పుడు తిప్పకుండా ఉండలేం, తిప్పితే మర ఊడి ములికి లోపలే ఉండిపోతుంది. తర్వాత వచ్చిన పిల్లవాడు తన బాణం పీకబోతూ అక్కడే అరచేయి ఆనిస్తాడు. కాడ పొట్టిగా కోసిన బాణానికి బ్రాడ్‌హెడ్ పెట్టి పూర్తిగా లాగితే బ్లేడు విల్లు పట్టిన చూపుడువేలి దాకా వస్తుంది. మేనమామ తెచ్చిన కానుక ఇంట్లో ఇప్పటికే ఉంటే ప్లాస్టిక్ రెంచితోనే మర విప్పండి, చేత్తో వద్దు. విమానంలో తిరిగి పంపాలంటే చెక్-ఇన్ సామానులోనే, గట్టి డబ్బాలో పెట్టాలి, చేతిసంచిలో కుదరదు.

పాత బ్లేడ్లు పారేయాల్సి వస్తే మూత బిగుతుగా పట్టే పౌడరు డబ్బాలోనో రేకు డబ్బాలోనో వేసి, మూతను టేపుతో చుట్టి, పైన ‘బ్లేడ్లు’ అని తెలుగులో పెద్దగా రాసి, పొద్దున్నే చెత్త బండి వచ్చినప్పుడు విడిగా చేతికివ్వండి. తడి చెత్త సంచిలో కలిపితే దాన్ని చేతులతో వేరుచేసే పారిశుద్ధ్య కార్మికురాలికి ఆ బ్లేడు కనిపించదు.

ఇట్లు,
విలువిద్య నేర్పే కొందరు శిక్షకులు,
విశాఖపట్నం.